పంటి నొప్పి వచ్చు వరకు ఆగరాదు

ఎద్దును కొనబోవు రైతు మొదట దాని నోరు తెరిచి చూచును. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అని తేల్చుకొననిదే బయానా ఇవ్వడు. అంతటి జాగరూకత గల రైతు తన బిడ్డల నోరు ఏడాదికి ఒక్కసారియైనను తెరిచి చూచుట అరుదు. పన్ను సలిపి రాత్రి నిద్ర పట్టనప్పుడే దాని సంగతి జ్ఞాపకము వచ్చును. నొప్పి వచ్చు నాటికి సాధారణముగా చెడవలసినంత చెడిపోయి యుండును. పంటి వ్యాధులలో నొప్పి మొదటి గుర్తు కాదు, చివరి గుర్తు.

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరుకు సమీపముననున్న సుల్తాన్‌పూర్ వంటి ఊళ్లను చూడుడు. ఒకవైపు పొలములు, మరియొకవైపు ఔటర్ రింగు రోడ్డు, 2017లో శంకుస్థాపన జరిగిన వైద్య పరికరముల పార్కు. ఇట్టి ఊళ్లలో తండ్రి పొలమునకు, కొడుకు కంపెనీ షిఫ్టునకు పోవుట మామూలైనది. దానితో తిండియు మారినది. జొన్నరొట్టె తగ్గి, బిస్కెట్లు, చక్కెర ఎక్కువైన చాయ్, సీసా పానీయములు పెరిగినవి. పళ్లకు ఈ మార్పు మంచిది కాదు.

పుప్పి పన్ను

పంటిలో పురుగు పడినదని మనవారు అందురు. పొగ వేసి ఆ పురుగును బయటకు తీసి చూపుదుమనువారు కూడ కలరు. పంటిలో అట్టి పురుగు లేదు. ఆ మాటలు నమ్మరాదు. పళ్లకు అంటుకొను పాచిలో కంటికి కనబడని సూక్ష్మజీవులుండును. మనము తిన్న తీపిని అవి తిని ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటి పైనున్న పింగాణి పొరలోని ఖనిజమును కరిగించును. తీపి తిన్న ప్రతిసారి సుమారు అరగంటసేపు ఈ పని సాగును. తరువాత లాలాజలము ఆ నష్టమును కొంత పూడ్చును. గంటగంటకు తీపి చాయ్ త్రాగినచో పూడ్చుటకు వ్యవధి యుండదు. కనుక తీపి ఎంత తిన్నామన్నదే గాక, ఎన్నిసార్లు తిన్నామన్నదియు ముఖ్యము.

చెరువు కట్టకు చిన్న బొరియ పడినప్పుడే పూడ్చినచో ఒక గంప మట్టితో పోవును. గండి పడిన పిమ్మట ఊరంతయు కదలవలెను. పన్నును అంతే. మొదట సున్నపు మచ్చ వంటి తెల్లని గుర్తు కనబడును. అప్పుడు శ్రద్ధగా తోముకొనుచు తీపి తగ్గించినచో అక్కడనే ఆగవచ్చును. నల్లని గుంట పడినచో సిమెంటు నింపించుకొనవలెను. గుంట నరము వరకు దిగినచో వేరు చికిత్స కావలెను. అదియు దాటినచో పన్ను తీయించుటయే మిగులును.

చిగుళ్ల వ్యాధి

తోముకొనునప్పుడు నెత్తురు వచ్చుట చిగుళ్ల వాపునకు గుర్తు. నెత్తురు వచ్చుచున్నదని తోముట మానినచో పాచి పెరిగి గట్టిపడి గార యగును. గార కుంచెతో పోదు, డాక్టరు తీయవలెను. గార తీయించినచో పళ్లు వదులగునను భయము నిరాధారము. గార వలననే ఎముక తరిగి పళ్లు కదలును. మై పంటిని తీయించినచో కంటి చూపు పోవుననుటయు అట్టి అపోహయే. చక్కెర వ్యాధి గలవారికి చిగుళ్ల వ్యాధి త్వరగా ముదురును. వారు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

బోరు నీరు, బిడ్డల పళ్లు

1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు వెల్లడించిరి. తరువాత నల్లగొండ జిల్లా ఈ బాధకు పేరుపడినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల నుండుట మేలు, 1.5 మించరాదు. మించిన నీటిని ఎనిమిదేండ్ల లోపు బిడ్డలు త్రాగుచున్నచో, చిగురు లోపల తయారగుచున్న పళ్లు చెడి, పైకి వచ్చునప్పటికే తెల్లని గీతలతో లేక గోధుమరంగు మచ్చలతో కనబడును. ఆ మచ్చలు ఎంత తోమినను పోవు. ఫ్లోరైడు రంగు, రుచి, వాసన లేనిది; మరగించినను పోదు. కాబట్టి బోరు నీటిని పరీక్ష చేయించిన పిమ్మటనే త్రాగుటకు వాడవలెను. శుద్ధి చేసిన నదీజలము కుళాయికి వచ్చుచున్నచో త్రాగుటకు, వంటకు దానినే వాడుట క్షేమము.

పొగాకు

ఖైనీ, గుట్కా, జర్దా, చుట్ట, నశ్యముతో పళ్లు తోముకొనుట, ఇవన్నియు నోటి క్యాన్సరునకు దారులు. రెండు వారములు దాటినను మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు మూడు వ్రేళ్లంత తెరుచుకొనకపోవుట కనబడినచో, నొప్పి లేకున్నను వెంటనే డాక్టరుకు చూపవలెను. తొలి దశలో పట్టుకొన్నచో నయమగు అవకాశము చాల ఎక్కువ.

చేయవలసిన పనులు

1. ఉదయము, రాత్రి నిద్రకు ముందు, మెత్తని కుంచెతో రెండు నిమిషములు తోముకొనవలెను. నిద్రలో లాలాజలము తగ్గును గనుక రాత్రి తోముట మరీ ముఖ్యము.
2. ఫ్లోరైడు గల పేస్టు వాడవలెను. మూడేండ్ల లోపు బిడ్డలకు బియ్యపు గింజంత, ఆరేండ్ల లోపువారికి బఠాణీ గింజంత చాలును. మ్రింగకుండ పెద్దలు చూడవలెను.
3. వేపపుల్ల వాడువారు దానిని మెత్తగా నమిలి, పళ్ల లోపలి వైపు కూడ తోమవలెను. ఇటుకపొడి, బొగ్గు, బూడిద పింగాణిని అరగదీయును.
4. ఆరేండ్ల ప్రాయమున పాలపళ్ల వెనుక వచ్చు దవడపన్ను మరల రాదు. పాలపన్ను అనుకొని దానిని వదలివేయరాదు.
5. దెబ్బ తగిలి పెద్దపన్ను ఊడిపోయినచో వేరు తాకక పైభాగము పట్టుకొని, పాలలో వేసి, గంట లోపల డాక్టరు వద్దకు చేర్చవలెను. తిరిగి అమర్చుటకు వీలు కలుగును. పాడి గల ఇంటిలో పాలకు కొదువ యుండదు గదా!
6. లవంగ నూనె నొప్పిని కొంతసేపు ఆపునే గాని వ్యాధిని మాన్పదు. జ్వరముతో దవడ వాచినను, మ్రింగుట కష్టమైనను, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యము ప్రాణము మీదికి వచ్చును.

పంచాయతీ కార్యదర్శులు నీటి పరీక్ష ఫలితమును అందరికి కనబడునట్లు వ్రాయించవలెను. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఏటేటా పిల్లల నోళ్లు చూపించు ఏర్పాటు చేయవలెను. కఠినమైన చికిత్సలకు హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ వద్ద ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి గలదు.

రైతు సోదరులారా! ఈ రాత్రి భోజనమైన పిమ్మట దీపము వెలుగున మీ బిడ్డ నోరు తెరిచి చూడుడు. తెల్లని మచ్చయో, నల్లని చుక్కయో కనబడినచో, నొప్పి లేదని ఊరకుండవలదు.