ఒంగోలు గోవు: మేత, సంతతి, ఈత

గుండ్లకమ్మ, మూసి ఏరుల నడిమి బీళ్లలో రూపొందిన ఒంగోలు గోజాతి నేడు బ్రెజిల్ దేశమున 'నెలోర్' పేర ప్రధానమైన మాంసపు పశుజాతియై యున్నది. నాటి మద్రాసు రాజధానిలో 1904 వఱకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో చేరియుండుటచే ఆ పేరు కలిగినది.

ఆవు చూలు మోయుకాలము సుమారు 285 దినములు. ఏటికొక ఈత కావలెనన్న, ఈనిన 80 దినములలోపల మరల చూలు కట్టవలెను. కాని వేసవిలో బీళ్లు ఎండినపుడు, పాలకు వ్యయమగు సత్తువ మేతవలన తీరదు. ఒడలు చిక్కిన ఆవునందు మెదడునుండి అండాశయమునకు రావలసిన ప్రేరణ సన్నగిల్లి, ఎద నిలిచిపోవును. దూడ చీకుచుండుటయు దీనిని మఱింత జాగుచేయును. ఎండుగడ్డిలో మాంసకృత్తులు, భాస్వరము కొఱవడుట మఱియొక హేతువు. కావున ఈనుటకు ముందే పిల్లిపెసర వంటి పచ్చిమేతయు, లవణమిశ్రమమును ఒసగి కండ నిలుపవలెను.

చూలు కట్టు గుణము వంశమున స్వల్పముగనే సంక్రమించును. ఒకే ఆబోతును దాని సంతతిపైకే విడిచినచో అది ఇంకను క్షీణించును. పెయ్య త్వరగా ఎదకు వచ్చుట మాత్రము ఎంపికచే కొంత సాధ్యము. బ్రెజిల్ వారు ఆ గుణమునకై ఎంపిక సాగించుచున్నారు.

మన సీమలో ట్రాక్టరు వచ్చి ఎద్దు పని తగ్గినది. బీళ్లు సాగులోనికి పోయినవి. ఈనని ఆవును పేదరైతు నిలుపుకొనజాలడు. జాతిని రక్షింపగోరువారు ముందు దాని బీటిని రక్షింపవలెను.