నీరే జిగురు

పంచదార చిలకలు పోసే చెక్క అచ్చులు ఇప్పుడు చాలా ఇళ్లలో అటకెక్కాయి. చిలకలు మిఠాయి కొట్టు నుంచే వస్తున్నాయి కనుక వాటితో పని లేదు. అలాంటి అచ్చులో పాకానికి బదులు నానిన చిత్తుకాగితపు గుజ్జు అద్ది, నీరు ఒత్తి తీసి, ఆరనిస్తే, రెక్క మీది సన్నగీతతో సహా తెల్లని చిలక ఊడి వస్తుంది. గోడకు తగిలించుకోవచ్చు, శుభాకాంక్షల కార్డు మీద అతికించుకోవచ్చు. దీన్ని కాగితపు పోత అందాం. పోసేదేమీ లేదు, అద్దడమే. అయినా మాట బాగుంది. ఆ చిలకను చేతిలోకి తీసుకున్నవారు మొదట అడిగేది, ఏ జిగురు కలిపారని. ఏదీ కలపలేదంటే నమ్మరు.

కాగితాన్ని చించి ఆ అంచును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే నూగులాంటి పోగులు కనిపిస్తాయి. అవి చెట్టు నుంచి వచ్చిన నారలు. మన ప్రాంతపు మిల్లులు ఎక్కువగా వాడే జామాయిల్, సుబాబుల్ కలపలో వాటి పొడవు 1 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. పైన్ జాతి చెట్లలో 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నారలో ముఖ్య పదార్థం సెల్యులోజ్. వేల గ్లూకోజ్ కణికలు గొలుసుగా చేరితే ఏర్పడేది అదే. ఒక్కో కణికకు మూడేసి హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు, చేతుల్లా బయటికి చాచి ఉంటాయి. పక్క నారలోని అలాంటి చేయి తగినంత దగ్గరికి వస్తే రెండూ పట్టుకుంటాయి. ఇది హైడ్రోజన్ బంధం. అణువు లోపలి మామూలు బంధంతో పోలిస్తే దీని బలం ఇరవయ్యో వంతు ఉంటుందేమో. కానీ ఇలాంటివి కోటానుకోట్లు. కాగితాన్ని కాగితంగా నిలబెట్టేది ప్రధానంగా ఈ పట్టే.

నీటి అణువుకూ అలాంటి చేతులే ఉన్నాయి. అది నారల మధ్యకు చొరబడగానే నారలు ఒకదాన్నొకటి వదిలి నీటిని పట్టుకుంటాయి. తడిసిన కాగితం వేలు తగిలితే చిరిగేది అందుకే. మళ్లీ అతకడం ఎలాగన్నదే అసలు విశేషం. నీరు ఆవిరైపోగానే నారలు వాటంతటవే దగ్గరికి రావు, నీరే వాటిని లాగి దగ్గరికి తెస్తుంది. తలంటు పోసుకున్నాక వెంట్రుకలు విడివిడిగా ఉండక పాయలుగా అంటుకోవడం అందరం చూసినదే. వెంట్రుకల మధ్య మిగిలిన సన్నటి నీటిపొర తలతన్యతతో వాటిని కలిపి ఉంచుతుంది. ఆరుతున్న గుజ్జులోనూ నీటిపొర పలచబడే కొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. నారలు హైడ్రోజన్ బంధం కుదిరేంత దగ్గరయ్యాక నీరు తప్పుకుంటుంది. విడదీసిందీ, కలిపిందీ అదే.

మిల్లులో జరిగేదీ ఇంతే. తెలంగాణలో ఒక ఊరికి కాగజ్‌నగర్ అని పేరు రావడానికి కారణమైన సిర్పూరు మిల్లులోనైనా, మరెక్కడైనా, యంత్రపు జాలీ మీదికి వచ్చే గుజ్జునీళ్లలో నూటికి 99 పాళ్లకు పైగా నీరే ఉంటుంది. కనుక వంటింటి మిక్సీలో పిడికెడు నానిన కాగితానికి లీటరు నీళ్లు పోయడం వృథా కాదు. నీళ్లు తక్కువైతే నారలు ఉండలు కడతాయి, అచ్చులోని సన్నగీతల్లోకి దిగవు. ఒక నిమిషం తిప్పితే చాలు. మెత్తగా రావాలని చట్నీలా రుబ్బితే నారలు తెగి పొట్టివవుతాయి, బొమ్మ పెళుసవుతుంది.

ఏ కాగితం పడితే అది పనికిరాదు. పాత నోటుపుస్తకాలు, జిరాక్స్ కాగితాలు మేలు. కలపలోని లిగ్నిన్ అనే పదార్థాన్ని రసాయనాలతో తీసేసిన గుజ్జుతో వాటిని చేస్తారు కాబట్టి తెలుపు నిలుస్తుంది. దినపత్రికలో లిగ్నిన్ మిగిలి ఉంటుంది. ఎండలో పెట్టిన పేపరు పసుపెక్కేది దానివల్లే. ఆ గుజ్జు బూడిదరంగు బొమ్మనే ఇస్తుంది. నున్నని వారపత్రికల కాగితంలో నార కన్నా పూతమట్టి మీద పెట్టిన ఖర్చే ఎక్కువేమో అనిపిస్తుంది, పట్టు కుదరదు. దుకాణపు బిల్లు కాగితాల పూతలో బిస్ఫినాల్ వంటి రసాయనాలు ఉండవచ్చు, వాటిని తాకకపోవడమే మంచిది. రాత కాగితాల్లో సిరా పాకకుండా నీటిని పట్టనివ్వని పదార్థం కలుపుతారు. అందుకే వాటిని రాత్రంతా నానబెట్టాలి, వేడినీళ్లయితే ఇంకా నయం. లేజర్ ప్రింటు అక్షరాలు ప్లాస్టిక్ పొడి కనుక నల్లని నలుసులై మిగిలిపోతాయి. అచ్చుకాగితం నుంచి సిరా పోగొట్టి కొత్త కాగితం చేసే పద్ధతి గురించి జర్మనీలోని గోటింగెన్‌లో యూస్టస్ క్లాప్‌రోట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1774లోనే చిన్న పుస్తకం రాశాడు. ఆ పుస్తకాన్నీ అలాంటి కాగితం మీదే అచ్చువేయించాడు. మన బొమ్మకు అంత శుద్ధి అక్కరలేదు, నలుసులు కూడా ఒక అందమే.

జిగురు ఊసే ఎత్తకూడదని కాదు. మన పల్లెల్లో ఆడవాళ్లు నానిన కాగితాన్ని మెంతులతో రుబ్బి, బోర్లించిన గిన్నె మీద మెత్తి తట్టలు చేసేవారు. మెంతుల్లో గెలాక్టోమానన్ అనే జిగట పదార్థం ఉంటుంది. పప్పులూ బియ్యమూ మోయాల్సిన తట్టకు ఆ అదనపు బలం అవసరమే. గోడ మీది చిలక ఏ బరువూ మోయదు. దానికి మైదా జిగురు పెడితే వానాకాలంలో బూజుకు విందు పెట్టినట్టే. పాతకాలపు పుస్తకాల బైండర్లు మైదాలో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలు చేతులు పెట్టే పనిలో దానికి చోటు లేదు.

చాలా బొమ్మలు చెడేది ఆరబెట్టడంలోనే. నార తడిసినప్పుడు అడ్డంగా బాగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. ఆరేటప్పుడు ఆ ఉబ్బు తగ్గుతుంది. ఒక పక్క త్వరగా ఆరి, రెండో పక్క తడిగా ఉంటే, ఆరిన పక్క ముడుచుకుని బొమ్మను వంచేస్తుంది. నా మొదటి చిలకను మే నెల ఎండలో పెట్టాను, సాయంత్రానికి వేయించిన అప్పడంలా తిరిగింది. గుజ్జు నింపాక స్పాంజితో గట్టిగా ఒత్తి, ఎంత నీరు తీయగలమో అంతా తీసి, బొమ్మను అచ్చులోనే ఉంచి, నీడలో రెండు మూడు రోజులు వదలాలి. అచ్చు దాని ఆకారాన్ని కాపాడుతుంది. చివరికి ఆ ముడుచుకోవడమే మేలు చేస్తుంది, అంచులు గోడలను వదిలి బొమ్మ సులువుగా బయటికి వస్తుంది. చెక్క అచ్చుకు ముందే మైనం రాయాలి. చెక్క కూడా సెల్యులోజే కదా, అదీ నీరు తాగి ఉబ్బుతుంది. ఆ మాట మరిచి మా అమ్మమ్మ నాటి అచ్చు ఒకటి పగలగొట్టుకున్నాను.

మిగిలిన గుజ్జునీళ్లు సింకులో పోస్తే గొట్టంలోనే కాగితం తయారవుతుంది. గుడ్డలో వడకట్టి, ఉండ చేసి ఎండబెట్టుకుంటే మరోసారి నానబెట్టవచ్చు. తెల్ల జిగురు కలిపిన బొమ్మ ఎండితే ప్లాస్టిక్ పొర కట్టి ఇక కరగదు. నీటితో మాత్రమే అతికినది మళ్లీ నీటికే లొంగుతుంది. కానీ ఎండిన ప్రతిసారీ నార గోడల్లోని సందులు కొన్ని శాశ్వతంగా మూసుకుపోతాయి. నార బిరుసెక్కుతుంది, మునుపటంత నీరు తాగదు, మునుపటంత పట్టు ఇవ్వదు. సాధారణంగా ఐదు నుంచి ఏడుసార్లకు మించి కాగితం తిరిగి కాగితం కాదంటారు. మా ముక్కు విరిగిన చిలకను మూడోసారి నానబెట్టాను. ఈసారి కొత్త నోటుపుస్తకం అట్ట లోపలి తెల్లకాగితం నాలుగు ముక్కలు తోడేశాను.