ట్యాబ్ కొనాలా, తేలికైన ల్యాప్‌టాప్ కొనాలా?



మన ట్రస్టులో స్కాలర్‌షిప్ అర్జీలు చూసే పని నాది. అందువల్ల ప్రతి ఏడూ కాలేజీలు తెరిచే రోజుల్లో చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "సార్, పిల్లవాడికి ట్యాబ్ కొనిస్తే చాలా, ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా?" ఈ ప్రశ్నకు ఒకసారి నేను తప్పు జవాబు చెప్పాను. అలాంటి నష్టం ఇంకొకరికి జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం మన గౌరిబిదనూరు తాలూకా అమ్మాయి ఒకతె బి.సి.ఏ.లో చేరింది. రోజూ రైల్లో యలహంకకు వెళ్ళి రావాలి. "బరువు మోయలేదు, ట్యాబ్ తీసుకోండి" అని వాళ్ళ నాన్నగారికి నేనే చెప్పాను. ఆయన పాల డబ్బు కూడబెట్టి కీబోర్డుతో సహా మంచి ట్యాబే కొన్నారు. పాఠాలు వినడానికి, నోట్సు చదవడానికి అది బాగా పనికొచ్చింది. ప్రోగ్రాములు రాయడం మొదలయ్యాక చిక్కు వచ్చింది. కాలేజీలో వాడే సాఫ్ట్‌వేర్ విండోస్‌ది, అది ట్యాబ్‌లో ఎక్కలేదు. ఆ అమ్మాయి సాయంత్రాలు కాలేజీ ల్యాబ్‌లోనే ఉండిపోయేది. రైలు తప్పిన రోజులూ ఉన్నాయి. మరుసటి ఏడు ఆయన అప్పు చేసి ల్యాప్‌టాప్ కొన్నారు. ట్యాబ్‌లో లోపం లేదు. నేను బరువు గురించి ఆలోచించాను గాని, ఆ అమ్మాయి దానితో ఏ పని చేయాలో అడగలేదు.

చదవడానికా, చేయడానికా?

కర్ణాటక ప్రభుత్వం 2020లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీల మొదటి సంవత్సరం విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. 2021 జూన్‌లో ప్రభుత్వ డిగ్రీ, ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు ట్యాబ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది కరోనా కాలం, ఇంట్లో కూర్చొని పాఠం వినడమే అప్పటి ముఖ్య అవసరం. ఆ పనికి ట్యాబ్ సరిపోతుంది. పాఠం వినడం, పుస్తకం చదవడం, వేలితోనో పెన్నుతోనో నోట్సు రాసుకోవడం ట్యాబ్ పనులు. పెద్ద వ్యాసం టైపు చేయడం, లెక్కల పట్టికలు వేయడం, ప్రోగ్రాము రాయడం, ప్లాను గీయడం ల్యాప్‌టాప్ పనులు.

దీన్నిబట్టి కోర్సువారీగా చూద్దాం.

1. ఎస్.ఎస్.ఎల్.సి., పీయూసీ: సొంతంగా ల్యాప్‌టాప్ తప్పనిసరి కాదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు, దీక్ష పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. వీటికి ట్యాబ్ చాలు. ఇంట్లో పెద్ద తెర ఫోను ఉంటే అదీ అక్కర్లేదు.

2. బి.ఏ., బి.ఎడ్.: మొదట ట్యాబ్‌తో నడుస్తుంది. ప్రాజెక్టు నివేదికలు, కన్నడంలో నుడి సాఫ్ట్‌వేర్‌తో టైపింగు ఎక్కువగా ఉంటే ల్యాప్‌టాప్ మేలు.

3. బి.కాం.: ట్యాలీ నేర్చుకోవాలంటే విండోస్ కంప్యూటరు కావాలి.

4. బి.సి.ఏ., డిప్లొమా, ఇంజనీరింగ్: ల్యాప్‌టాపే. ఆటోక్యాడ్‌కు మొబైల్ రూపం ఉంది గాని, దానితో కోర్సు పని అంతా సాగదు.

తేలిక అంటే ఎంత?

పది, పదకొండు అంగుళాల ట్యాబ్ సుమారు అర కిలో ఉంటుంది. తేలికైన ల్యాప్‌టాప్ 1.2 నుంచి 1.5 కిలోలు, మామూలుది 1.6 నుంచి 2 కిలోలు. ట్యాబ్‌కు కీబోర్డు, పెన్ను కలిపితే బరువూ పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. ఆ మొత్తం ఒక్కోసారి సాధారణ ల్యాప్‌టాప్ ధరను అందుకుంటుంది. కనుక ఒట్టి ట్యాబ్ ధరతో పోల్చవద్దు.

కరెంటు పోయే పల్లెల్లో ట్యాబ్‌కు ఒక సౌకర్యం ఉంది, చిన్న పవర్ బ్యాంకుతోనే ఛార్జ్ అవుతుంది. ల్యాప్‌టాప్‌కు టైప్-సి ఛార్జింగు ఉందో లేదో అడగండి. ఉంటే తగినంత శక్తిగల పవర్ బ్యాంకు దానికీ పనిచేయవచ్చు.

కొనేటప్పుడు చూడవలసినవి

ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్.ఎస్.డి. కంటే తక్కువ వద్దు. ఇంజనీరింగ్‌కు 16 జీబీ, 512 జీబీ అయితే నాలుగేళ్ళూ నిశ్చింత. బాగా పలుచగా ఉండే చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేము. "ర్యామ్ పెంచవచ్చా?" అని ముందే అడగండి. క్రోమ్‌బుక్ చూడడానికి ల్యాప్‌టాప్‌లాగే ఉంటుంది, కాని అందులో విండోస్ సాఫ్ట్‌వేర్ ఎక్కదు.

పాతది కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదవ తరం లేక ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. అది లేని యంత్రాన్ని చవక అని తీసుకోకండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో దుకాణంలోనే గంటసేపు నడిపి చూడండి. బిల్లు తప్పక తీసుకోండి.

డబ్బు సంగతి

వడ్డీకి అప్పు చేసే ముందు రెండు చోట్ల అడగండి. మొదటిది కాలేజీ: ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, ల్యాబ్ సాయంత్రం తెరిచి ఉంటుందా, ప్రభుత్వ పథకం ఏమైనా వర్తిస్తుందా? రెండవది బ్యాంకు: కోర్సు పూర్తి చేయడానికి అవసరమైతే, మితమైన ధర గల కంప్యూటరు ఖర్చును కూడా విద్యారుణంలో కలుపుకునే వీలు బ్యాంకుల నమూనా పథకంలో ఉంది. రుణానికి అర్జీ పెట్టేటప్పుడే ఈ మాట చెప్పాలి.

మన తాలూకాలోని హోసూరులో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు (1920–2005) బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. ఏ విషయాన్నైనా ప్రశ్నించకుండా ఒప్పుకోవద్దని జీవితమంతా చెప్పారు. దుకాణంలోనూ ఆ మాట గుర్తుంచుకోండి. నేను చెప్పినదాన్నీ అలాగే ప్రశ్నించండి. ముందుగా ఒక కాగితం మీద ఈ ఏడాది మీ అబ్బాయో అమ్మాయో దానితో చేయవలసిన పనులు రాయండి. ఆ కాగితం పట్టుకొని దుకాణానికి వెళ్ళండి.