మందు పెట్టడం

తెలుగులో మందు అన్న మాటకు మూడు అర్థాలైనా ఉన్నాయి. జబ్బు నయం చేసేది మందు. పొద్దుగూకితే వైన్ షాపు ముందు మనుషుల్ని నిలబెట్టేదీ మందే. మూడోదాన్ని చిత్తూరు పల్లెల్లో గొంతు తగ్గించి చెప్పుకుంటారు: మనసు తిప్పడానికి మనిషికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టేది. కొడుకు ఉన్నట్టుండి తల్లి మాట వినకపోతే కోడలు మందు పెట్టిందంటారు. అది వట్టి నమ్మకం. అయితే ఈ మూడు మందులూ ఒకే గిన్నెలో కలిసే సందర్భం ఒకటుంది, అది మాత్రం నమ్మకం కాదు: తాగుడు మాన్పించడానికి మొగుడికి చెప్పకుండా చారులోనో పప్పులోనో మాత్ర నూరి కలపడం. మన దేశంలో మానసిక వైద్యులు చాన్నాళ్లుగా చర్చించుకుంటున్న విషయమే ఇది. మెదడు శాస్త్రంతో మనిషి నడతను మార్చవచ్చా అనగానే పుర్రెలో చిప్పులు, ఎక్కడివో ప్రయోగశాలలు గుర్తొస్తాయి. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో మామిడి మండీ నడిచే రోజుల్లో, కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం, ఆ ప్రశ్న వంటింటి దాకా వచ్చి ఉంటుంది.

ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సన్ అనే పరిశోధకులు కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని దీన్ని పరీక్షిస్తూ తామే మింగి చూశారు. ఆ తర్వాత మద్యం ముట్టగానే ఒళ్లు తిరగబడింది. 1948లో ఆ సంగతి లోకానికి తెలిపారు. మనిషి తాగిన మద్యం కాలేయంలో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా, ఆపైన హానిలేని ఎసిటేట్‌గా మారుతుంది. ఈ మాత్ర రెండో మెట్టుకు అడ్డుపడుతుంది. విషం పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ, ఒక్కోసారి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికే వస్తుంది. మాత్ర ఆపేసినా రెండు వారాల దాకా ఆ ప్రమాదం పోదు. తమాషా ఏమిటంటే, ఇది తాగాలన్న కోరిక జోలికే పోదు. ఆ పని చేసేది నాల్‌ట్రెక్సోన్ అనే వేరే మందు. తాగినప్పుడు మెదడులో హాయి పుట్టించే ఓపియాయిడ్ గ్రాహకాలను అది మూసేస్తుంది. డైసల్ఫిరామ్ పనిచేసేది భయంతో. పొద్దున మాత్ర వేసుకున్నాను, ఇప్పుడు తాగితే చస్తాను అన్న ఎరుకే దాని బలం. చెప్పకుండా పెడితే ఆ ఎరుకే ఉండదు. అతను ఎప్పటిలాగే తాగుతాడు. గుండెపోటనుకుని ఆసుపత్రికి మోసుకుపోతే అక్కడి డాక్టరుకూ అసలు కారణం తెలియదు. రోగికి పూర్తిగా తెలియకుండా దీన్ని ఎన్నడూ ఇవ్వరాదని, ఇంట్లోవాళ్లకూ ఆ మాట చెప్పాలని అమెరికాలో ఈ మందు వివరపత్రం మీద గడి గీసి మరీ హెచ్చరిస్తారు. మద్యం ఒంటికి పడటం లేదనుకుని మానేసినవాళ్లు ఉండొచ్చు, కాదనను. అసలు సంగతి బయటపడిన రోజున మాత్రం అతను మళ్లీ షాపుకు పోగలడేమో గానీ, భార్య వడ్డించిన కంచం ముందు నిబ్బరంగా కూర్చోలేడు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. తాగుబోతుకు బుద్ధి ఎక్కడుందని ఒప్పుదల అడగాలి? ఏళ్ల తరబడి తాగిన మెదడులో కోరికను అదుపుచేసే ముందుభాగం బలహీనపడుతుందని, సీసాను గుర్తుచేసే ప్రతిదీ డోపమైన్‌ను ఎగదోస్తుందని శాస్త్రమే చెబుతోంది కదా. తన మీద తనకు పట్టుపోయినవాడికి ఆ పట్టు తిరిగిచ్చేందుకు ఎవరి సెలవు కావాలి? ఈ వాదనలో నిజముంది. కానీ శాస్త్రం చెబుతున్నది బలహీనపడటం గురించి, పూర్తిగా పోవడం గురించి కాదు. రాత్రి తొమ్మిదింటికి ఎవరి మాటా వినని మనిషే పొద్దున ఆరింటికి తలవంచుకుని ఇంక తాగనంటాడు. ఆ ఆరింటి మనిషిని పలకరించడమే ఒప్పుదల అడగడమంటే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలో చేర్చింది. అయినా అంతమాత్రాన ఆ మనిషికి నిర్ణయించుకునే శక్తి లేదనుకోలేదు. ముందుముందు ఆ శక్తి తప్పితే తనకు ఏ వైద్యం చేయాలో, ఏది చేయకూడదో ఇవాళే రాసిపెట్టుకునే హక్కును అయిదో సెక్షన్‌లో ఇచ్చింది. మోసంతోనో బెదిరించో పొందిన ఒప్పుదల చెల్లదనీ అంది.

ఒప్పుదల దగ్గర ఇంత పట్టుబట్టడానికి కారణం మనకు దగ్గర్లోనే ఉంది. చిత్తూరు జనం పెద్ద జబ్బొస్తే పోయేది వేలూరుకో మద్రాసుకో. ఆ మద్రాసులోనే 1960లు, 70లలో బి. రామమూర్తి, వి. బాలసుబ్రమణ్యం, టి.ఎస్. కనక వంటి పేరున్న న్యూరోసర్జన్లు, అదుపు చేయలేనంత ఉగ్రంగా ఉండే రోగులకు మెదడు లోతుల్లో, అమిగ్డలాలోనో హైపోథాలమస్‌లోనో, రవ్వంత భాగాన్ని పనిచేయకుండా చేసే ఆపరేషన్లు చేశారు. శాంతపరిచే శస్త్రచికిత్స అనే అర్థం వచ్చే పేరే పెట్టారు దానికి. రామమూర్తి 1988లో ప్రకటించిన లెక్కలో అవి ఆరువందలు దాటాయి. మత్తుమందుల వ్యసనానికీ మెదడు ఆపరేషన్ చేసిన వైనం 1973లో అచ్చయింది. ఆ వైద్యులు దుర్మార్గులు కారు. ఇంటివాళ్లు చేతులెత్తేసిన రోగులు వాళ్లవి, అందులో మతి ఎదగని పిల్లలూ ఉన్నారు. అయితే ఫలితాన్ని కొలిచిన తీరు చూడండి: నెమ్మదించాడా, నలుగురిలో పెట్టుకోగలమా? ఆ కొలతలో ఊరట చుట్టూ ఉన్నవాళ్లది. మెదడు మారినవాడికి ఎలా ఉందన్నది ఎవరూ అడగకపోయినా లెక్క సరిపోతుంది. చారులో కలిపిన మాత్రకూ ఇదే కొలత. ఇప్పుడు ఆ 2017 చట్టంలోని 96వ సెక్షన్ ప్రకారం అలాంటి ఆపరేషన్‌కు రోగి స్వయంగా తెలిసి ఒప్పుకోవాలి, ఆపైన సమీక్షా బోర్డు అనుమతీ కావాలి.

దోషమంతా ఆ ఇల్లాలి నెత్తిన రుద్దడం మాత్రం న్యాయం కాదు. దెబ్బలు తిని, పిల్లల ఫీజు డబ్బులు సీసాలోకి పోవడం చూసి, ఏ దారీ లేక ఆమె ఆ మాత్ర కొంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఇంకో దారి దొరికింది. అక్షరాస్యత తరగతుల్లో ఒకచోట చేరినవాళ్లు మొగుళ్ల కంచాల జోలికి పోలేదు, సారా దుకాణానికి ఎదురు నిలిచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. నిషేధం ఓడిపోయింది కదా అంటారు. నిజమే, తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు రెండూ అంత దూరం కాని బంగారుపాళ్యం వంటి చోట దాన్ని నిలబెట్టడం మరీ కష్టం. కానీ ఆ తప్పొప్పులు బహిరంగంగా తేలాయి, వద్దనుకున్నప్పుడు వెనక్కి తీసుకున్నారు. పైగా 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో మద్యం చిల్లరగా అమ్మింది ప్రభుత్వ దుకాణాలే. సీసా అమ్మిందీ, తాగుడు మాన్పించే వార్డు నడిపిందీ ఒకే ప్రభుత్వం అయినప్పుడు, మారాల్సింది కూలివాడి మెదడొక్కటే అనడం నాకు కొరుకుడు పడదు.

డైసల్ఫిరామ్‌ను పద్ధతిగా ఇచ్చే డాక్టర్లు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, రోజూ ఆమె ఎదుటే అతను మాత్ర మింగేలా మాట తీసుకుంటారు. చెయ్యి అదే, మాత్ర అదే. అతను ఒక పొద్దున వద్దని తోసేయనూవచ్చు. ఆ పొద్దున ఆమెకు కావలసింది ఇంకా బలమైన మాత్ర కాదు. 2005 గృహహింస చట్టం కింద ఉండాల్సిన రక్షణాధికారి ఫోను ఎత్తాలి, రాత్రికి తలదాచుకునే చోటు చూపించాలి.