మీటరుకు ఎక్కని గంటలు

ఆఫ్‌రోడ్ బైకు అనగానే చాలామందికి ఎత్తైన మడ్‌గార్డు, బటన్ టైర్లు, హెల్మెట్‌కు కెమెరా తగిలించుకున్న బెంగళూరు కుర్రాడు గుర్తొస్తారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల అసలైన ఆఫ్‌రోడ్ బళ్లు వేరే ఉన్నాయి. రామసముద్రం, నిమ్మనపల్లె వైపు చేలల్లోంచి టమోటా బాక్సులు కట్టుకుని గట్ల వెంబడి రోడ్డెక్కే స్ప్లెండర్ అలాంటిదే. రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడేసుకుని చౌడేపల్లె పల్లెల్లో ఇంటింటి ముందూ ఆగే టీవీఎస్ ఎక్స్‌ఎల్ అలాంటిదే. కుప్పం దగ్గర గ్రానైటు క్వారీలోకి ఇద్దరు పనివాళ్లను ఎక్కించుకుని దిగే ప్లాటినా కూడా ఆ కోవలోదే. వీటిని అమ్మిన కంపెనీలు తారు రోడ్డును దృష్టిలో పెట్టుకుని చేశాయి. మనం నడిపేది మాత్రం బండ్ల బాటలో, వంక ఇసకలో, మొదటి రెండు గేర్ల మీద.

మెకానిక్ షాపులో ఎప్పుడూ వినబడే ప్రశ్నలు రెండే. ఏ ఆయిల్ పోయించాలన్నా? ఎన్ని వేలకు మార్చాలి? ఈ రెండో ప్రశ్నలో ఉన్న ‘వేలు’ అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది.

మీటరు చక్రం తిరుగుడును లెక్కపెడుతుంది. ఆయిల్ అరిగేది ఇంజిన్ తిరుగుడు వల్ల, వేడి వల్ల, లోపలికి చేరిన మసి, దుమ్ము, నీటి వల్ల. తారు రోడ్డు మీద టాప్ గేరులో పోయే బండికి ఈ రెండు లెక్కలూ ఇంచుమించు కలిసి నడుస్తాయి. చేను బాట మీద కలవవు. నాలుగు గేర్ల 100 సీసీ బండి ఒక కిలోమీటరు మొదటి గేరులో పోతే, టాప్ గేరులో పోయినదానికన్నా ఇంజిన్ దాదాపు మూడింతలు తిరుగుతుంది. మీటరు మీద పడేది మాత్రం ఆ ఒక్క కిలోమీటరే. పాలకేంద్రం దగ్గర ఆఫ్ చేయకుండా నిలబెట్టిన పది నిమిషాలకు మీటరు కదలనే కదలదు.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. బండితో వచ్చిన పుస్తకంలో ఆయిల్ 6,000 కిలోమీటర్లకు మార్చమని ఉందనుకోండి. గంటకు 40 కిలోమీటర్ల సగటున అది 150 గంటల పని. పాలబండి రోజుకు 25 కిలోమీటర్లే తిరుగుతుంది కానీ ఆగుతూ సాగుతూ ఇంజిన్ రెండు గంటలు నడుస్తుంది. దానికి 150 గంటలు డెబ్బై అయిదు రోజుల్లో నిండుతాయి. అప్పటికి మీటరు చూపించేది 1,900 లోపే. ఇంకా నాలుగు వేలు మిగిలే ఉందిలే అని యజమాని నిశ్చింతగా ఉంటాడు. ఊరికే నిలబడి తిరిగిన గంటా, బరువుతో గుట్ట ఎక్కిన గంటా ఒకటి కావు కాబట్టి ఈ లెక్క అక్షరాలా నిజమని చెప్పలేం. అయినా కిలోమీటర్ల లెక్క కన్నా ఇది నిజానికి దగ్గర.

పోటీ బళ్ల వాళ్లు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. కేటీఎం, హోండా మోటోక్రాస్ బళ్ల పుస్తకాల్లో ఆయిల్ మార్పు గంటల్లోనే ఉంటుంది, అదీ పదిహేను గంటల మాదిరి. అంత తొందర మన బళ్లకు అక్కర్లేదు. అవి కొద్దిపాటి ఆయిల్‌తో చాలా ఎక్కువ వేగంగా తిరిగే ఇంజిన్లు. వాళ్ల దగ్గర తీసుకోవాల్సింది ఆ అంకెను కాదు, లెక్కపెట్టే పద్ధతిని. నా మటుకు చెప్పమంటే, రోజూ చేను బాట మీద బరువు మోసే బండికి పుస్తకం చెప్పినదాంట్లో సగానికి మార్చాలి. క్వారీ దుమ్ములో తిరిగేదానికి మూడో వంతుకే మార్చాలి. మీటరు చూడ్డం విసుగైతే రెండు నెలలకోసారి అని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకున్నా పని జరుగుతుంది.

ఇక దుమ్ము సంగతి. గ్రానైటులో క్వార్ట్‌జ్ ఉంటుంది. అది మామూలు ఉక్కు కన్నా గట్టిది. ఆ పొడి గాలితోపాటు ఇంజిన్లోకి పోతే పిస్టన్ రింగులనూ బోరునూ గీస్తుంది, తర్వాత ఆయిల్‌లోకి దిగి బేరింగుల దాకా చేరుతుంది. దాన్ని ఎంత ఖరీదైన ఆయిల్ కూడా మెత్తబరచలేదు. అందుకే కుప్పం ప్రాంతంలో ఆయిల్ గురించి మాట్లాడాలంటే ముందు ఎయిర్ ఫిల్టరు గురించి మాట్లాడాలి. చాలా కొత్త బళ్లలో ఉండేది నూనె పూసిన కాగితం ఫిల్టరు. దాన్ని పంక్చర్ షాపు గాలిగొట్టంతో ఊదించి మళ్లీ బిగిస్తే కాగితంలో కంటికి కనబడని చిల్లులు పడతాయి, పూత పోతుంది. దాన్ని మార్చాలే తప్ప ఊదకూడదు. స్పాంజి ఫిల్టరైతే కడిగి, ఆరబెట్టి, ఫిల్టరు నూనె పట్టించి పెట్టుకోవచ్చు.

స్ప్లెండర్ ఇంజిన్‌లో చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. అందులో కారుకున్నట్టు కాగితం ఆయిల్ ఫిల్టరు ఉండదు. కింద ఒక జాలీ, క్రాంక్ షాఫ్ట్ చివర గిర్రున తిరిగే గిన్నెలాంటి భాగం ఉంటాయి. ఆ తిరుగుడుకు ఆయిల్‌లోని బరువైన మురికి గిన్నె అంచుకు కొట్టుకుని పేరుకుంటుంది. ఏళ్ల తరబడి విప్పకపోతే అక్కడ నల్లటి ముద్ద గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు కొత్త ఆయిల్ పోసినా ఆ ముద్ద పక్కనుంచే పోవాలి. దాన్ని శుభ్రం చేయాలంటే కుడివైపు కవరు విప్పాలి, కొత్త గాస్కెట్ వేయాలి. పని ఎక్కువ, కూలి తక్కువ కాబట్టి మామూలు సర్వీసులో ఎవరూ దాని జోలికి పోరు. అడిగి చేయించుకోవాలి.

ఆయిల్ ఎంచుకునేటప్పుడు డబ్బా మీద చూడాల్సినవి రెండు. మొదటిది చిక్కదనం చెప్పే అంకె, 10డబ్ల్యూ-30 లాంటిది. గానుగ నూనె చలికి చిక్కబడి, వేడి పెనం మీద నీళ్లలా పరిగెత్తినట్టే ఇంజిన్ ఆయిల్ కూడా వేడికి పలచబడుతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో అది ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. దాని పరీక్ష సున్నాకు ఎంతో దిగువ ఉష్ణోగ్రతలో జరుగుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం తెల్లవారుజామున వణికిస్తుంది కూడా, కానీ ఆ పరీక్ష దరిదాపులకు పోదు. మనకు ముఖ్యం రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర ఆయిల్‌లో ఎంత చిక్కదనం మిగిలిందో చెప్పేది అదే.

అలాగని బరువు మోస్తున్నాం కదా అని 50 అంకె ఆయిల్ తెచ్చి స్ప్లెండర్‌లో పోయడం తెలివైన పని కాదు. ఆ ఇంజిన్‌కు కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ-30. దాని పంపు, సన్నటి దారులు ఆ చిక్కదనానికి తగ్గట్టే ఉన్నాయి. మరీ చిక్కటి ఆయిల్ పొద్దున స్టార్ట్ చేయగానే పైనున్న వాల్వుల దాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది, మైలేజీ కూడా కాస్త తింటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు కంపెనీయే 15డబ్ల్యూ-50 చెప్పింది, దాంట్లో అదే పోయాలి. ఇరవై ఏళ్ల బండి పొగ కొడుతూ ఆయిల్ తాగుతుంటే 20డబ్ల్యూ-40 పోసి కొన్నాళ్లు నెట్టుకు రావచ్చు. బోరు పని తప్పిపోదు, వాయిదా పడుతుంది.

రెండోది జాసో ఎంఏ లేదా ఎంఏ2 అనే ముద్ర. ఇది జపాన్ వాళ్లు ప్రత్యేకంగా మోటారు సైకిళ్ల కోసం 1998లో పెట్టిన ప్రమాణం. కారులో ఇంజిన్ ఆయిల్ వేరు, గేరు ఆయిల్ వేరు. మన గేర్ల బండిలో లీటరుకు అటూ ఇటూగా ఉండే ఒకే ఆయిల్ ఇంజిన్‌నూ గేర్లనూ తడుపుతుంది, క్లచ్ ప్లేట్లూ అందులోనే మునిగి ఉంటాయి. కొన్ని కారు ఆయిళ్లలో మైలేజీ కోసం జారుడు పెంచే మందులు కలుపుతారు. అవి పడితే క్లచ్ జారుతుంది. సమతలం మీద తెలియదు. బోయకొండ ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ అరుస్తుంది కానీ బండి కదలదు, అప్పుడు తెలుస్తుంది. కారుకు పోయగా మిగిలిన ఆయిల్ ఉంది కదా అని బండికి పోసేవాళ్లు ఒకసారి ఆగాలి. ఎంబీ ముద్ర ఉన్నది యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్లకు, వాటి క్లచ్ ఆయిల్‌లో మునగదు. పాత రెండు స్ట్రోకుల ఎక్స్‌ఎల్ కథే వేరు, దానికి 2టీ ఆయిల్ పెట్రోలులోనే కలిపి పోయాలి. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 నాలుగు స్ట్రోకులది, దానికి ఇంజిన్ కిందే ఆయిల్ ఉంటుంది. రెండూ ఇంట్లో ఉంటే ఏ డబ్బా దేనిదో పిల్లలకు చెప్పి ఉంచండి.

మినరలా, సింథటికా అన్న చర్చకు షాపుల్లో పడుతున్నంత సమయం అక్కర్లేదు. హార్స్‌లీ కొండ 1,200 మీటర్లకు పైనే ఉంటుంది. మే నెలలో ఇద్దరు ఎక్కి, నెమ్మదిగా, గాలి తగలకుండా ఘాట్ రోడ్డు ఎక్కే, గాలితో చల్లబడే ఇంజిన్‌లో ఆయిల్ బాగా కాగుతుంది. అక్కడ సింథటిక్ తన చిక్కదనాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది, హిమాలయన్, ఎక్స్‌పల్స్ నడిపేవాళ్లు ఆ డబ్బు పెట్టొచ్చు. టమోటా బండికి మాత్రం నా ఓటు కంపెనీ చెప్పిన అంకెలో ఉన్న మామూలు ఆయిల్‌కే. ఖరీదైనది పోశాం కదా అని ఆరు నెలలు నడిపేకన్నా మామూలుది రెండు నెలలకోసారి మార్చడం మేలు, ఎందుకంటే దుమ్మూ మసీ బయటికి పోయేది పాత ఆయిల్‌తోపాటే.

ఆయిల్ నల్లబడితే చెడిపోయినట్టని ఒక నమ్మకం ఉంది. మసిని పట్టి తనలో ఉంచుకోవడం మంచి ఆయిల్ పనే, కాబట్టి నలుపు ఒక్కటే గుర్తు కాదు. గేర్లు గట్టిగా పడటం, న్యూట్రల్ దొరక్క ఇబ్బంది పెట్టడం అంతకన్నా నమ్మదగిన గుర్తులు. ఎందుకంటే రెండో అంకెను నిలబెట్టే పొడుగాటి అణువులను గేరు పళ్లు తెగ్గొడతాయి, ఆయిల్ పలచనవుతుంది. ఇక ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు వస్తే నీళ్లు చేరినట్టే. వానాకాలం వంకలో ఇంజిన్ మునిగాక డిప్‌స్టిక్ తీసి చూడాలి, ఆ రంగు కనబడితే కిలోమీటర్లతో పనిలేదు, అప్పుడే మార్చాలి.

లెవెల్ చూడటంలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. బండిని చదును నేల మీద మెయిన్ స్టాండు వేసి, ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. స్ప్లెండర్ లాంటి బళ్లలో డిప్‌స్టిక్‌ను మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, బిగిస్తే ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది. చాలా 100 సీసీ బళ్లకు మార్పులో లీటరు నిండా పట్టదు. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం పోయిస్తే క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలుకుతుంది, నురుగు వస్తుంది. మిగిలింది దాచుకుంటే తర్వాత తగ్గినప్పుడు పోసుకోవచ్చు.

డబ్బా మూత సీలు చూసి కొనండి, ఖాళీ డబ్బాను షాపులో వదిలేసేముందు దానికి ఒక చిల్లు పొడవండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్లకు కావాల్సింది ఆ మంచి డబ్బాయే. తీసిన పాత ఆయిల్‌ను కంచె కొయ్యలకు చెదలు పట్టకుండా పూయడం, గట్టు పక్కన పారబోయడం మన దగ్గర మామూలు. అది చర్మానికి మంచిది కాదు, బావికీ బోరుకీ అసలే మంచిది కాదు. అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలు దాన్ని కొంటాయి, పెద్ద సర్వీసు షాపుల్లో డ్రమ్ముల్లో నింపి పంపుతారు. ఇంట్లో మార్చుకునేవాళ్లు పాత డబ్బాలోకే వంచి, తర్వాతిసారి షాపుకు పోయినప్పుడు ఆ డ్రమ్ములో పోసి రావచ్చు, ఆ డబ్బాకు చిల్లు అక్కడే పొడవచ్చు.