కాంట్రాక్ట్ జాబ్ మానేస్తున్నారా? దాటాల్సినవి రెండు గుమ్మాలు!

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ అటువైపు పనిచేసే కుర్రకారుకి కూకట్‌పల్లే మకాం. కేపీహెచ్‌బీ హాస్టళ్లలో రాత్రి భోజనాల దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు ‘పేపర్ పెట్టేశా మామా’ అంటూనే ఉంటారు. వాళ్లలో కాంట్రాక్ట్ ఉద్యోగులూ తక్కువేం కాదు. మెడలో ట్యాగ్ ఒక కంపెనీది, పే స్లిప్ మీద పేరు ఇంకో కంపెనీది. ఆరేళ్లలో నేనూ ఇలాంటివి మూడు చేశాను. ఉద్యోగంలో చేరడం ఎలాగో నేర్పేవాళ్లు అమీర్‌పేట నిండా ఉన్నారు. మానేయడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు.

పర్మనెంట్ ఉద్యోగి దాటాల్సింది ఒకే గుమ్మం. మనం రెండు దాటాలి. జీతం, పీఎఫ్, రిలీవింగ్ లెటర్ వెండార్ చేతిలో ఉంటాయి. మన పేరు, పనిమీద నమ్మకం క్లయింట్ దగ్గర ఉంటాయి. ఒకరికి చెప్పి ఇంకొకరిని వదిలేస్తే, ఆ నష్టం తర్వాతి ఉద్యోగంలో తెలుస్తుంది.

ముందు ఎవరికి చెప్పాలి?

రాజీనామా ఇవ్వాల్సింది మనకి ఆఫర్ లెటర్ ఇచ్చినవాళ్లకి, అంటే వెండార్‌కి. అదీ మెయిల్‌లోనే. ఫోన్‌లో చెప్పాం, వాట్సాప్‌లో పెట్టాం అంటే చాలదు. ఆ మెయిల్ వెళ్లిన రోజే, రోజూ పక్కన కూర్చునే టీమ్ లీడ్‌కి మనమే నోటితో చెప్పాలి. ఇంకొకరి ద్వారా వింటే ఎవరికైనా మనసు కష్టంగానే ఉంటుంది. అయితే క్లయింట్‌తో మాట్లాడేది పని గురించే. వెండార్ మనమీద ఎంత తీసుకుంటున్నాడు, మనకి ఎంత ఇస్తున్నాడు అన్న లెక్కలు అక్కడ విప్పకూడదు.

మెయిల్‌కి నాలుగు లైన్లు చాలు. ఉద్యోగం మానేస్తున్నాను, నోటీసు ఇన్ని రోజులు, చివరి పనిదినం ఫలానా తేదీ, అప్పగింతలు పూర్తిచేసే వెళ్తాను. కారణం రాయాల్సిన పనిలేదు. మేనేజర్ మీద కోపం, హైక్ రాలేదన్న బాధ ఉంటే ఫ్రెండ్స్‌తో చెప్పుకోండి. మెయిల్‌లో పెడితే అది ఫైల్లో ఉండిపోతుంది.

నోటీసు ఎన్ని రోజులో ఒప్పందంలోనే ఉంటుంది. ‘కాంట్రాక్టే కదా, ఎవడడుగుతాడు’ అని చెప్పాపెట్టకుండా మానేస్తే రికార్డులో ‘అబ్‌స్కాండ్’ అని రాసుకుంటారు. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసినప్పుడు ఆ ఒక్క మాట చాలు, చేతికొచ్చిన ఆఫర్ పోవడానికి.

హాస్టల్ సలహాలు, అసలు సంగతులు

‘బాండ్లు కోర్టులో చెల్లవు రా’ అన్నది హాస్టళ్లలో తరచూ వినబడే సలహా. అందులో సగమే నిజం. ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా పనిచేయొద్దని కట్టడి చేసే షరతు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలబడదు. కానీ ఇన్నేళ్లు పనిచేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత కడతాను అని సంతకం పెట్టడం వేరు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రతి బాండూ చెల్లుతుందని దీనర్థం కాదు. చదవకుండా సంతకం పెట్టకూడదని అర్థం. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరు అడిగినా వాళ్ల దగ్గర ఉంచొద్దు.

మనకి అనుకూలమైన సంగతీ ఒకటుంది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసిన ఉద్యోగికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. అయితే మీరు సంతకం పెట్టింది ఉద్యోగ ఒప్పందమా, కన్సల్టెంట్ ఒప్పందమా చూసుకోండి. పీఎఫ్ లేకుండా, ప్రొఫెషనల్ ఫీజు అని టీడీఎస్ కోసి డబ్బులిస్తుంటే మిమ్మల్ని ఉద్యోగిగా లెక్కపెట్టడం లేదన్నమాట. అప్పుడు ఒప్పందంలోని చెల్లింపు తేదీలే మీకు ఆధారం.

కాగితాలు చేతికొచ్చేదాకా...

రెండో కాంట్రాక్ట్ మానేసినప్పుడు నా వెండార్ రిలీవింగ్ లెటర్ ఇవ్వడానికి ఏడు వారాలు తిప్పించుకున్నాడు. ఫోన్ చేస్తే ‘రేపు’ అనేవాడు. నేను గొడవపడలేదు, అలాగని ఊరుకోనూ లేదు. ప్రతి సోమవారం అదే మెయిల్ థ్రెడ్‌లో, ఏ తేదీన ఏం అడిగానో రాస్తూ మర్యాదగా గుర్తుచేశాను. రాజీనామా అందినట్టు అతనిచ్చిన జవాబు, ల్యాప్‌టాప్ అప్పగించిన రసీదు అందులోనే ఉన్నాయి. కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కి అవి చూపిస్తే లెటర్ వచ్చేదాకా ఆగారు. మర్యాద వేరు, మెతకదనం వేరు. జీతం ఆపితే కార్మిక శాఖకి, పీఎఫ్ ఇబ్బంది ఉంటే ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్‌కి వెళ్లడం కూడా ప్రొఫెషనల్ పద్ధతే.

పీఎఫ్‌లో ఒక చిన్న విషయం చాలామంది వదిలేస్తారు. పాత కంపెనీ ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ నమోదు చేయకపోతే ఖాతా బదిలీ దగ్గర చిక్కొస్తుంది. చివరి నెల జమ పడిన రెండు నెలల తర్వాత, ఆధార్ ఓటీపీతో ఆ తేదీని యూఏఎన్ పోర్టల్‌లో మనమే నమోదు చేసుకోవచ్చు. చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారమ్ 16 గురించి మాత్రం మెయిల్ ఐడీ పనిచేస్తుండగానే అడగాలి.

చివరి పదిహేను రోజులు

నోటీసు పీరియడ్ అంటే సెలవులు కాదు. ఏ పని ఎక్కడిదాకా వచ్చింది, ఏ ఫైల్ ఎక్కడుంది, ఏది ఎప్పుడు మొరాయిస్తుంది అన్నవి కొత్తగా వచ్చేవాళ్లకి అర్థమయ్యేలా రాసిపెట్టండి. క్లయింట్ కోడ్, డేటా సొంత జీమెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో పంపుకోవద్దు. మనం రాసినదే అయినా అది మనది కాదు. అనుమతి లేకుండా డేటా కాపీ చేస్తే 2000 నాటి ఐటీ చట్టం కిందకి వస్తుంది.

వెళ్లిపోయే రోజు టీమ్ గ్రూపులో నలుగురికి థ్యాంక్స్ చెప్పి, మొబైల్ నంబర్ ఇచ్చి రండి. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు చేస్తే ఈ కారిడార్‌లో కుదరదు. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ మధ్య తిరిగేది ఆ మనుషులే. నా మూడో కాంట్రాక్ట్ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో రెండో చోట నాతో పనిచేసిన టెస్టర్ ఒకావిడ కూర్చుంది. ‘మీరు రాసిచ్చిన అప్పగింత నోట్ పట్టుకునే ఆ రిలీజ్ బయటపడేశాం’ అంది. నేను ఆ నోట్ సంగతే మర్చిపోయాను.

కాంట్రాక్ట్ అంటేనే ముగింపు తేదీ ఉన్న పని. ఈ రాత్రి తీరిక చేసుకుని మీ ఆఫర్ లెటర్ తీసి మూడే మూడు చూసుకోండి: నోటీసు ఎన్ని రోజులు, బాండ్ ఉందా, యూఏఎన్ మీ పేరు మీద పనిచేస్తోందా. మానేసే ఆలోచన లేకపోయినా సరే.