పెద్దమ్మ ఇంట్లోనే ఆగిన కథ

మన జానపద కథల్లో రాకుమారుడు ఎన్ని అడవులు దాటి ఏ పట్నం చేరినా, ముందుగా వెతుక్కునేది పేదరాశి పెద్దమ్మ ఇల్లే. ఆమె చేతిలో ఒక వరహా పెడతాడు. ఆమె కాళ్లకు నీళ్లిచ్చి, పొయ్యి రాజేసి, ఆకు వేస్తుంది. అతను తింటుండగా ఆ ఊరి రాజెవరో, రాకుమార్తెకు పట్టిన పీడ ఏమిటో, అంతకుముందు వచ్చినవాళ్లకు ఏ గతి పట్టిందో చెబుతుంది. తెల్లారగానే అతను బయలుదేరతాడు, కథ కూడా అతని వెంటే పోతుంది. పెద్దమ్మ ఆ తర్వాత అంట్లు ఎప్పుడు తోముకుందో, మర్నాటికి ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో ఎవరూ అడగరు. ఇప్పుడు కోజీ ఫాంటసీ అనే పేరుతో ప్రపంచమంతా చదువుతున్న నవలలు ఆ ప్రశ్న అడిగాయి. కథను రాకుమారుడి వెంట పోనివ్వకుండా పెద్దమ్మ ఇంట్లోనే ఆపాయి. మాయలూ మంత్రాలూ రాక్షసులూ ఉంటారు, కానీ కథ నడిచేది పొయ్యి చుట్టూ.

అమెరికన్ రచయిత ట్రావిస్ బాల్డ్రీ 2022లో తెచ్చిన 'లెజెండ్స్ అండ్ లాటేస్' ఈ కోవలో బాగా పేరుపడిన నవల. ఏళ్ల తరబడి కత్తి పట్టి బతికిన వివ్ అనే రాక్షసజాతి ఆడమనిషి ఇక చాలనుకుని, కాఫీ అంటే ఏమిటో తెలియని ఊళ్లో కాఫీ అంగడి పెడుతుంది. పాత కట్టడం కొని బాగుచేయించుకోవడం, ఒక వడ్రంగి తోడు కావడం, ఎలుక రూపంలో ఉండే ఓ వంటవాడు కాల్చే దాల్చినచెక్క రొట్టెల వాసనకు వీధి వీధంతా అంగడి ముందుకు చేరడం, ఎక్కువ భాగం ఇదే కథ. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన టీజే క్లూన్ నవల 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ'లో మాయాశక్తులున్న అనాథ పిల్లల ఆశ్రమాన్ని తనిఖీ చేయడానికి వెళ్లిన ప్రభుత్వోద్యోగి ఆ ఇంటి మనిషైపోతాడు. పేరు కొత్తదే గానీ చూపు కొత్తది కాదు. 1937 నాటి 'ది హాబిట్' మొదలయ్యేదే పిలవని పేరంటంగా వచ్చిపడ్డ పదముగ్గురు మరుగుజ్జులు ఒక ఇంటి సామాన్ల గది ఖాళీ చేయడంతో.

ఇలాంటి పుస్తకాలు చల్లని దేశాల్లో, బయట మంచు కురుస్తుంటే కంబళి కప్పుకుని చదివేవని ఒక అభిప్రాయం ఉంది. నా వాదన దానికి ఎదురు. వీటి విలువ బాగా తెలియగల చోటు గార్లదిన్నె లాంటి ఊరు, చదవడానికి తగిన కాలం మే నెల. అనంతపురం నుంచి గుత్తి వెళ్లే దారిలో ఉన్న ఊరిది. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెప్పుకుంటారు. మండలంలో పెనకచెర్ల దగ్గర మిడ్ పెన్నార్ డ్యాం ఉన్నా, కాలవ అందని మెట్ట చేలకు వానే దిక్కు. ఖరీఫ్‌లో వేసిన చెనక్కాయ కార్తీకం నాటికి ఇల్లు చేరితే, మళ్లీ తొలకరి దాకా ఆ చేలో పనుండదు. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పొద్దున పది గంటలకు మూసిన తలుపు సాయంత్రం నాలుగింటికి గానీ తెరవరు. పిల్లలకు బడి ఉండదు. ఏడాదిలో ఇంటిల్లిపాదీ నీడపట్టున కూర్చోక తప్పని గంటలు అవే.

ఈ నవలల మీద వినిపించే మొదటి అభ్యంతరం, వీటిలో ప్రాణం మీదికి వచ్చేదేదీ లేదని. రాజ్యం పోదు, లోకం మునగదు. అంగడి నడుస్తుందా లేదా అనేదొక కథా అని అడుగుతారు. ఈ ప్రశ్న రావాలంటే పొయ్యి ఎప్పటికీ ఆరదనే ధీమా ఉండాలి. ఆ ధీమా లేని వాళ్లు మాటలో కూడా ఎంత జాగ్రత్త పడతారో తెలుగులోనే చూడొచ్చు. మన ఇళ్లలో బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. ఖాళీ కుండను నిండుకుండ అని పిలిచే ఆ మాటలో ఒక మంత్రం ఉంది, దాని వెనక భయమూ ఉంది. పాండవులు అడవిలో ఉండగా ధర్మరాజుకు సూర్యుడు అక్షయపాత్ర ఇచ్చాడనే కథ ఈ నేల మీద ఇంతకాలం నిలిచిందంటే, అస్త్రాలు సంపాదించిన కథలకు తీసిపోని కుతూహలం ఆ గిన్నె మీద ఉండబట్టే. పాత్ర కడిగేశాక దుర్వాసుడు శిష్యులతో దిగితే ఏం పెట్టాలి? ఆ ఘట్టంలో యుద్ధం లేదు, ఉత్కంఠకు లోటూ లేదు. వాన రాకపోతే విత్తనం డబ్బులు కూడా తిరిగిరాని ఊళ్లో, పెట్టిన అంగడి ఏడాది తిరిగేదాకా నిలబడటం చిన్న సంగతి కాదు. వివ్ అంగడికి ముప్పు వచ్చిన చోట గుండె ఝల్లుమనడం మెట్టరైతు ఇంట్లో చదివేవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

రెండో మాట, ఇది పరాయి సరుకని. దీనికి జవాబు రాయలసీమలోనే దొరుకుతుంది. కృష్ణదేవరాయల కొలువులో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్రలో మాయ ఎలా ప్రవేశిస్తుందో గమనించండి. ప్రవరుడి ఇంటికి ఒక సిద్ధుడు అతిథిగా వస్తాడు. ముందు భోజనం, ఆ తర్వాతే దేశదేశాల కబుర్లు, కాలికి పూసుకుంటే తలచిన చోటికి చేర్చే పసరు. ప్రవరుడు హిమాలయం చేరతాడు, పసరు మంచులో కరిగిపోతుంది, అప్సరస వరూధిని ఎదురవుతుంది. ఇంకో దేశపు వీరుడైతే అక్కడే కొత్త రాజ్యం కట్టేవాడు. ఇతను మాత్రం ఇల్లు చేర్చమని బతిమాలుకుంటాడు. ముసలి తల్లిదండ్రులు ఆకలితో ఎదురుచూస్తుంటారని, హోమానికి వేళ మించిపోతోందని అతని దిగులు. చివరికి అతన్ని ఇంటికి చేర్చింది రోజూ ఇంట్లో కొలిచే అగ్నే. మాయ చూడాలనే కోరిక, ఇల్లు చేరాలనే ఆరాటం ఒకే మనిషిలో ఇంత అందంగా కలిసిన కథ మరొకటి నాకు తెలియదు.

రాయలు స్వయంగా రాసిన ఆముక్తమాల్యద ఇంకో అడుగు ముందుకు వేసింది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవారో అందులో ఉంది. వేసవి వడ్డన చూస్తే ఐదొందల ఏళ్లనాటి వంటింట్లోకి తొంగిచూసినట్టు ఉంటుంది: ముందు ఒంటికి చందనం, ఆపైన నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, పండ్లు, పరిమళం కలిపిన చల్లని నీళ్లు, ఊరవేసిన మామిడి పిందెలు, నీరుమజ్జిగ. రాజ్యాలు గెలిచిన రాజు ఇంత ఓపికగా వంట రాశాడు. అదే కావ్యంలో బ్రహ్మరాక్షసుడూ ఉన్నాడు. మాలదాసరిని తినబోతాడు. దేవుడికి పాట పాడి వస్తానని మాటిచ్చి వెళ్లిన దాసరి నిజంగానే తిరిగివస్తాడు. ఆ నిజాయితీకి రాక్షసుడి మనసు మారుతుంది, తినడం మానేసి అతని పాట ఫలం అడుక్కుంటాడు. ఎవరూ ఎవర్నీ చంపకుండా ముగిసిన రాక్షస కథ అది. చందమామ సీరియళ్లను కూడా ఈ వరసలో చేర్చాలని కొందరికి అనిపించవచ్చు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత వంటివి నిండా ఉత్కంఠ కథలు, వాటి దారి వేరు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన పన్నెండు భాగాల కాశీమజిలీ కథలు మాత్రం దగ్గరి చుట్టాలే. కాశీకి నడిచిపోతున్న గురువు, వెంట గోపకుర్రవాడు, దారిలో మజిలీలు. భోజనం ముగిశాకే అద్భుతం మొదలవుతుంది.

విష్ణుచిత్తుడి అంబలి గార్లదిన్నె వైపు ఇంకా పోలేదు. రాత్రి కాచి పెట్టిన రాగి అంబలిలో పొద్దున మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుంటే మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటుంది. ఉగ్గాణికి పొయ్యి దగ్గర పావుగంట చాలు. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తిరగవాతలో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండితే అయిపోతుంది. చెనక్కాయ విత్తనాలు వేయించి, మిరపకాయ, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో నూరిన ఊరుబిండి సంగటికీ రొట్టెకీ రెండు పూటలూ పనికొస్తుంది. ఎండకాలపు వంట ఇలా కుదించుకుపోవడంలో ఒక తెలివి ఉంది. తెల్లారేలోగా పొయ్యి పని ముగిస్తే మిగిలిన పగలు పొగ లేని ఇల్లు మిగులుతుంది. పుస్తకానికి చోటు దొరికేది అక్కడే. వేసవి చదువుకూ ఇంటి వంటకూ ఉన్న సంబంధం వట్టి ముచ్చట కాదు, గంటల లెక్క.

ఆ గంటలు ఎవరికి మిగులుతున్నాయనేది మాత్రం దాటవేయకూడని ప్రశ్న. నాకు అన్నిటికంటే బరువైన అభ్యంతరంగా తోచేదీ అదే. పుస్తకంలో రొట్టెల వాసన అందరికీ హాయి. మే నెలలో రేకుల కప్పు కింద పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషికి వంటిల్లు హాయిగొలిపే చోటు కాదు. వేయిమంది వచ్చినా అలసిపోకుండా, అర్ధరాత్రి అతిథి వచ్చినా వండిపెట్టే అన్నపూర్ణ అని ప్రవరుడి భార్యను పెద్దన మెచ్చుకున్నాడు. ఆమె నిద్ర గురించి పద్యం లేదు. ఈ లోపం మన కావ్యాల్లోనూ ఉంది, కొత్త నవలల్లో నాసిరకం వాటిలోనూ ఉంది. మంచివి వేరుగా చేస్తాయి. బాల్డ్రీ అంగడిలో రొట్టె ఎవరు కాల్చారో, బల్ల ఎవరు చెక్కారో, ఎవరికి ఎంత శ్రమైందో పాఠకుడు చూస్తూనే ఉంటాడు. పెద్దమ్మ ఇంట్లో కథ ఆగిందంటే పెద్దమ్మ చేతులు కూడా కనిపించాలి కదా! ఈ విషయంలో రాయల చూపు పెద్దన కంటే దగ్గరగా ఉంది. జడివాన రోజుల్లో పొగ కళ్లలోకి పోకుండా విష్ణుచిత్తుడి భార్య కొబ్బరి డిప్పలు రాజేసి వండుతుందని రాశాడు. వడ్డించిన వంటకాలతో ఆగకుండా, వండే మనిషి కళ్లు కూడా తలచుకున్న వాక్యమది. గార్లదిన్నెలో ఈ పుస్తకాలు నిజంగా హాయినివ్వాలంటే, తడిపిన బొరుగులు పిండే చేతులు పూటకొకరివైనా కావాలి. పుస్తకం పట్టుకుని ఒకరు చదువుతుంటే చెనక్కాయలు ఒలుస్తూ మిగతావాళ్లు వినొచ్చు. మన కథలు ఎక్కువకాలం బతికిందే అలా.

పుస్తకాలు ఎక్కడివంటే, ఇంటిపన్ను కట్టే ప్రతి ఇల్లూ వాటికి ఇదివరకే డబ్బు కట్టింది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. కాశీమజిలీలు కావాలని, ఇలాంటి కొత్త నవలలు తెప్పించమని గ్రంథాలయంలో అడగడం దయ కోరడం కాదు.

ఇక చివరి అభ్యంతరం. కరువు నేల మీద మాయకథలేమిటి, ఉన్న కష్టం చదవాలి, రాయాలి గానీ అంటారు. దీనికి గార్లదిన్నె పక్క మండలం శింగనమలలోని తరిమెల నుంచి జవాబు ఉంది. అక్కడ 1915లో పుట్టిన విద్వాన్ విశ్వం 1956లో 'పెన్నేటి పాట' రాశాడు. ఎండిన పెన్న ఒడ్డున కూలిబతుకుల ఆకలిని అంత సూటిగా చెప్పిన కావ్యాలు తెలుగులో అరుదు. ఆ మనిషే కథాసరిత్సాగరాన్ని తెలుగు చేశాడు. విద్యాధరులు, బేతాళుడు, ఎగిరే మనుషులు, మాటలాడే పక్షులు నిండిన పుస్తకం అది. కరువు రాసిన చేతికి మాయలు రాయడం తప్పుగా తోచలేదు. ఆకలి తెలిసినవాడికి కల అక్కర్లేదనుకోవడం ఆకలి తెలియనివాళ్ల ఊహ అని నేననుకుంటాను.

కథాసరిత్సాగరంలో ఆ కథల పుట్టుక గురించే ఒక కథ ఉంది. శాతవాహన రాజు ఒకనాడు జలక్రీడలో రాణి అన్న సంస్కృతం మాటను తప్పుగా అర్థం చేసుకుని, నీళ్లు చల్లొద్దంటే లడ్లు తెప్పించాడు. ఆ సిగ్గుతో భాష నేర్పమన్నాడు. ఎన్నాళ్లలో నేర్పగలరనే పందెంలో ఓడిపోయిన మంత్రి గుణాఢ్యుడు సంస్కృతం, ప్రాకృతం, దేశభాష వదిలేసి అడవికి పోయి, పైశాచి భాషలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. రాజు దాన్ని తోసిపుచ్చాడు. గుణాఢ్యుడు కొండ మీద మంట వేసి, ఒక్కో పత్రం జంతువులకు చదివి వినిపిస్తూ నిప్పులో వేశాడు. జంతువులు మేత మానేసి, కన్నీళ్లతో చుట్టూ నిలబడి విన్నాయి. కొన్నాళ్లకు రాజుకు జబ్బు చేసింది. వైద్యులు చూసి ఎండిపోయిన మాంసం తిన్నందుకన్నారు. వంటవాళ్లను నిలదీస్తే వాళ్లు వేటగాళ్లను చూపించారు. అడవిలో ఎవరో కథ చదువుతుంటే జంతువులు గడ్డి ముట్టడం లేదని వేటగాళ్లు చెప్పారు. రాజు పరుగున వెళ్లేసరికి ఆరు లక్షలు బూడిదయ్యాయి. వంటింట్లో మొదలైన ఆ ఆరా వల్ల లక్ష మాత్రం మిగిలాయి. తరిమెలలో పుట్టిన కవి తెలుగులోకి తెచ్చింది ఆ లక్ష నుంచి పారుతూ వచ్చిన కథలనే.